ఐచ్ఛిక సెలవు

మా నాయనకు ఏడాదిలో పది రోజులు కులం ఉండేది కాదు. మిగిలిన రోజుల్లో ఉండేది, ఊరంతా దాన్ని గుర్తుపెట్టుకుని మరీ పిలిచేది. ఆయన పేరు ఆదెన్న. అరవై దాటిన మనిషిని "ఏరా ఆదిగా" అని పిలవడానికి మా ఊళ్లో నిన్నగాక మొన్న మీసం మొలిచినవాడికి కూడా నోరు బాగానే తిరుగుతుంది.

మొహర్రం నెల పొడిచిన సాయంత్రం అదంతా ఆగిపోయేది. పీర్ల చావిడి ముందు గుద్దలి వేసి గుండం తవ్వేవారు. నాయన తలమీద నీళ్లు పోసుకుని, తడిపంచెతోనే వచ్చి నిలబడితే, చావిడి చూసుకునే దాదాపీర్ తాత ఆయన మెడలో ఎరుపూ పచ్చా కలిపి పేనిన దారం వేసేవాడు. అది ఫకీరు దారం. అది పడ్డాక కుళ్లాయప్ప పీరును ఎత్తుకునే మనిషికి ఇల్లు లేదు, మంచం లేదు, చెప్పులు లేవు. ఒంటిపూట తిండి, అదీ చావిడి అరుగు మీదే. పేరు పెట్టి పిలిస్తే పలకడు. నీదే కులమని ఎవరైనా అడిగితే "ఫకీరును" అంటాడు, అంతకుమించి ఒక్క మాట అనడు. దారం మెడలో ఉండగా కులం పేరు నోట వచ్చిందంటే ఆ చేతులు ఇక పీరును ముట్టకూడదు. మా తాత అలాగే బతికాడు, ఆయన నాయనా అలాగే బతికాడు.

ఆ పది రోజులూ నాకు కూడా ఆయన నాయన కాదు. నేనూ "ఫకీరప్పా" అనే పిలవాలి. ఊరికి పెద్ద భూస్వామి హనుమంతరాయుడు, మామూలు రోజుల్లో మా వీధి మొదట్లోనే బండాపి అక్కడి నుంచే కేకేసే మనిషి, బిందెడు నీళ్లు తెచ్చి నాయన కాళ్లు కడిగేవాడు. కడిగి, ఆ తడిచేతులు కళ్లకద్దుకునేవాడు. చిన్నప్పుడు దాన్ని చూడటానికే నేను చావిడి దగ్గర తెల్లారేసరికి కాచుకుని ఉండేదాన్ని. నాకు పండుగంటే అదే. గుండం తొక్కడమూ, పానకమూ, బెల్లం మలీదా అన్నీ దాని తరువాతే.

నర్సు చదివి మండలంలోని ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద చేరాక, ప్రభుత్వం ప్రతి ఏడూ రెండు రకాల సెలవులిస్తుందని తెలిసింది. ఒకటి అందరికీ ఇచ్చేది. రెండోది ఐచ్ఛిక సెలవులు, కావలసినవాళ్లు కావలసినవి పెట్టుకునేవి. అందులో వరలక్ష్మీ వ్రతం ఉంది, బసవ జయంతి ఉంది, పార్సీల కొత్త సంవత్సరం కూడా ఉంది. నేను అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగాను గానీ పార్సీ ఎలా ఉంటాడో ఇంతవరకూ చూడలేదు. తొమ్మిదో మొహర్రం కూడా అందులోనే కనబడింది. ఆ రాత్రే పీర్లు సరగత్తు ఊరేగింపుకు లేచేది, ఊరు తిరిగి వచ్చి తెల్లవారుజామున గుండం తొక్కేది. ఏ మతం వారైనా ఏ పండుగకైనా పెట్టుకోవచ్చని కింద స్పష్టంగా రాసి ఉంది. గవర్నమెంటుకు మా ఊరి సంగతి భలే తెలిసిందే అని మురిసిపోయాను. చేరిన నాటి నుంచి ఆ ఒక్క సెలవే పెట్టాను. మిగతా పండుగలకు తోటి నర్సుల డ్యూటీ కూడా నేనే చేశాను.

నేను చెప్పేది రెండేళ్ల కిందటి సంగతి. ఒక వాన పడిందని నమ్మి ఊరంతా శెనక్కాయ విత్తుకుంది. మొలక వచ్చింది, వాన మళ్లీ రాలేదు. మబ్బులు కర్ణాటక నుంచి వచ్చి మా నెత్తిమీదుగా తూర్పుకు పోతుండేవి. ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుని సాయంత్రానికి కొంచెం తేరుకునేవి, తరువాత తేరుకోవడం కూడా మానేశాయి. పీర్లు లేచే రాత్రి కుళ్లాయప్పను వాన అడగాలని అందరూ ఎదురుచూస్తున్నారు. నెల పొడిచింది, గుండం తవ్వారు, నాయన మెడలో దారం పడింది.

అదే వారంలో మా ఆస్పత్రిలో పర్మినెంటు నర్సు పోస్టు ఒకటి తేలింది. ఎస్సీ మహిళకు కేటాయించారు. మార్కుల్లో మొదటి పేరు నాది. మా అమ్మ ఆ మాట విని, పోయి తొట్టిలో మొహం కడుక్కుని వచ్చింది. తన తరంలో ఎవరూ నెల జీతం చూసినవాళ్లు లేరు.

మందులిచ్చే హేమావతక్క ఒకరోజు నన్ను స్టోరు గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"నీ మీద అర్జీ పడిందే ఈశ్వరీ."

"ఏమనక్కా?"

"మీ ఇంట్లో అంతా మతం మారినారంట. మీ నాయన ఫకీరైపాయనంట, మెళ్లో దారం ఉండాదంట. నువ్వు మొహర్రానికి తప్ప దేనికీ సెలవు పెట్టవంట. సెలవు కాయితాలన్నీ జత చేసి పంపినారు."

నాకు నవ్వొచ్చింది మొదట. మతం మారడమొక్కటి తప్ప అన్నీ నిజాలే. అర్జీ పెట్టింది జాబితాలో నా వెనక ఉన్న అమ్మాయి తాలూకు వాళ్లని తరువాత తెలిసింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ఇంట్లోనూ మా అమ్మలాంటి అమ్మే ఉండి ఉంటుంది.

విచారణ చేసే డిప్యూటీ తహసీల్దారు మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తిపడేదాన్ని. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి మరీ చెప్పాడు.

"మతం మారినోళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ నిలబడదమ్మా. రూలు. అది పోతే పోస్టూ పోతాది."

"ఆ సెలవిచ్చింది మీరే గద సార్. ఏ మతమోళ్లైనా పెట్టుకోవచ్చని రాసింది గూడా మీరే."

"సెలవులు ఒక సెక్షను చూస్తాదమ్మా, సర్టిఫికెట్లు ఇంగో సెక్షను." ఆయన నొచ్చుకున్నాడు కూడా. "ఎక్కువేమీ లేదులే. మీ నాయన ఊర్లో నలుగురి ముందర మేము హిందువులం, మాది ఫలానా కులం అని ఒక్క ముక్క చెప్తే నేను రాసుకుంటా. ఐదు నిమిషాల పని."

"పండగైపోయినాక రాండి సార్. మూడు దినాలు ఆగితే చాలు."

"జాబితా పైకి పోవల్ల, ఆగేదానికి లేదు. ఎల్లుండి వస్తా."

ఎల్లుండి అంటే తొమ్మిదో రోజు. దారం సంగతి, కట్టడి సంగతి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, నిజంగా అర్థంకాక అడిగాడు.

"ఉన్న కులం చెప్పుకునేదానికి ఏం నొప్పమ్మా?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. కానీ ఆ జవాబు చెబితే ఆయన దాన్ని కూడా రాసుకుంటాడేమోనని భయపడి లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం చావిడికి పోయాను. నాయన అరుగు కింద నేలమీద కూర్చుని, గుండంలో వేయడానికి కట్టెలు వేరుచేస్తున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది, కళ్లు మాత్రం ఆ పది రోజుల్లో ఎప్పుడూ ఉన్నట్టే తేటగా ఉన్నాయి. అంత తేటగా ఆయన కళ్లు మళ్లీ ఏడాదంతా ఉండవు. నేను ఎదురుగా కూర్చుని, జరిగినదంతా చెప్పాను.

"ఆ పొద్దు సెలవు నీకు ఎవురిచ్చినారు?" అన్నాడు.

"గవర్నమెంటే, ఫకీరప్పా."

"ఇచ్చినోళ్లే ఎందుకు తీసుకున్నావని అడుగుతాండారా?"

"అవును."

ఒక కట్టెను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"నువ్వేం చెప్పొద్దు," అన్నాను. "నాకు కాంట్రాక్టు చాలు. నువ్వు దారం కట్టుకున్నోనివి, నీ మాట నీకుండాది. నేను యాడన్నా బతుకుతా, బళ్లారిలో ఆస్పత్రులు లేవా?"

ఆ మాట నేను మనసారానే అన్నాను. నాయన ఇంకో కట్టె తీసుకున్నాడు. దాదాపీర్ తాత లోపల పీరుకు కట్టే పట్టుగుడ్డలు మడతపెడుతూ అంతా విన్నాడు. బయటికి వచ్చి నా తలమీద ఊదు పొగ ఆడించి, "భయపడొద్దు బిడ్డా, సార్‌తో నేను మాట్లాడతా," అన్నాడు. ఆయన మాట్లాడకుండా ఉండి ఉంటే బాగుండేదేమో.

తొమ్మిదో రోజు పొద్దు నడినెత్తికి వచ్చాక జీపు వచ్చింది. నేను సెలవులో ఉన్నాను, ఎప్పటిలాగే. జీపు డ్రైవరు దిగగానే చెప్పులు విడిచి, గుండానికి మొక్కి, చిటికెడు బూడిద తీసి నొసట పెట్టుకున్నాడు. అతని పేరు కుళ్లాయప్ప. మా వైపు ఇంటికొకడు ఉంటాడు ఆ పేరుతో, కులంతో పనిలేదు. అతన్ని ఎవరూ ఏ మతమని అడగలేదు, ఎందుకంటే అతని మీద అర్జీ పడలేదు.

చావిడి ముందు కుర్చీ వేశారు. డిప్యూటీ తహసీల్దారు కూర్చున్నాడు, పక్కన గుమాస్తా కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా పోగైంది. పండుగనాడు జనం ఎలాగూ అక్కడే ఉంటారు. నాయన చావిడి గడప పక్కన, ఒంటిమీద పచ్చగుడ్డతో, కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. పొద్దున హనుమంతరాయుడు కడిగిన కాళ్లు అవి.

"పెద్దాయనా, నీ పేరేంది?"

నాయన పలకలేదు.

"పేరు చెప్పకూడదు సార్ ఇప్పుడు," అన్నాడు జనంలో ఒకడు. "ఫకీరప్ప అనల్ల."

గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు. అది చూసి మా అమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"మేము మాదిగోళ్లం సామీ! మా యవ్వ, మా తాత అందరూ అదే. మారెమ్మకు మొక్కేటోళ్లం, కొండకు పోయి గుండు కొట్టించుకునేటోళ్లం. రాసుకోండి, నేను చెప్తాండా గదా!"

"నువ్వు చెప్తే చాలదమ్మా. దారం కట్టుకునింది ఆయన, అర్జీలో రాసింది ఆయన గురించే. ఆయన నోటితోనే రావల్ల."

హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. సాయం చేద్దామనే, కాదనను. "మా ఊరి మాదిగోడే సార్, నాకు తెలీదా? వాళ్ల నాయన మా ఇంట్లో జీతం ఉన్నెడు. మతం లేదు గితం లేదు, అట్లా తెలివి యాడిది వీళ్లకు?" అన్నాడు. అన్నాక నాయన వైపు చూసి, ఆ రోజు ఏ రోజో గుర్తొచ్చి, చేతులు జోడించాడు.

"మరి గోవిందా అంటారంట గదా పీర్లకు?" అన్నాడు అధికారి, తనకే ఎటూ పాలుపోక. "ముజావరు ఎవురు? నువ్వేనా? సాయిబూ, నువ్వు చెప్పు. ఈయన మీవాడా, వాళ్లవాడా?"

దాదాపీర్ తాత రెండడుగులు ముందుకు వచ్చాడు. టోపీ సరిచేసుకున్నాడు. రాత్రంతా తయారుచేసి పెట్టుకున్న మాటేమో, గర్వంగా గొంతెత్తి చెప్పాడు.

"నావాడే సార్. ఈ పది దినాలు నాకంటే పెద్ద ఫకీరు. పుట్టుకతో సాయిబును నేను. ఆయన పస్తుతో, మాటతో అయినాడు. ఆయనను పక్కన పెట్టి నేను నమాజు గూడా చేయను సార్."

మా ఊళ్లో ఒక మనిషి గురించి ఇంకొక మనిషి అంతకంటే గొప్పగా మాట్లాడగా నేను వినలేదు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుమాస్తా మాత్రం వంగి, ఒక్క ముక్క కూడా వదలకుండా, గబగబా రాసుకుంటూ పోయాడు. తాత అతని చేతినే చూస్తూ ఉన్నాడు. తానేం చేశాడో అప్పుడు తెలిసింది ఆయనకు. "సార్, నేను చెప్పింది అట్ల కాదు సార్," అన్నాడు. గొంతులో గర్వం లేదు.

"మాదిగ ఆదెన్న," అన్నాడు నాయన.

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది. గుమాస్తా తలెత్తాడు.

"ఇంగోసారి చెప్పు."

"నా పేరు ఆదెన్న. మాదిగ. హిందువులం. ఇది నా బిడ్డ."

అధికారి నిట్టూర్చి, "అంతే గదప్పా, అయిపాయె," అన్నాడు. వేలిముద్ర వేయించుకున్నారు. హనుమంతరాయుడూ మరొకరూ సాక్షి సంతకాలు చేశారు. జీపెక్కుతూ అధికారి నన్ను పిలిచి, మంచికే చెప్పాడు: "ఇంగ మీదట ఆ సెలవు పెట్టొద్దమ్మా. వరలక్ష్మీ వ్రతానికి పెట్టుకో."

జీపు పోయింది. జనం పోలేదు. నాయన వేలికున్న సిరా పంచెకు తుడుచుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి మెడలో దారం ముడి విప్పడానికి చూశాడు. తొమ్మిది రోజుల చెమటకు అది బిగుసుకుపోయి ఉంది. దాదాపీర్ తాత పరిగెత్తుకొచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు.

"వద్దు. నేను చెవిటోన్ని. నాకేమీ ఇనపల్లే."

"నీకు ఇనపల్లేదు. కుళ్లాయప్ప ఇన్నాడు."

తాత చేతులు వదలలేదు. నాయనే మెల్లగా విడిపించుకుని, దారాన్ని తలమీదుగా తీసి, తాత అరచేతిలో పెట్టాడు. నేను "నాయనా" అన్నాను. ఆ పది రోజుల్లో ఆయనను నాయనా అని పిలవడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. ఆయన పలికాడు కూడా. "పా, ఇంటికి పోదాం," అన్నాడు.

ఆ రాత్రి మిగతా పీర్లు లేచాయి, కుళ్లాయప్ప లేవలేదు. ఎత్తుకునే మనిషి లేక చావిడిలోనే నిలబడి ఉన్నాడు. వాన సంగతి అడగడానికి వచ్చినవాళ్లు అడక్కుండానే పోయారు. నాయన ఇంట్లో మంచం మీద పడుకుని, తప్పెట్ల చప్పుడు ఊరంతా తిరిగి మా వీధి చివర దాకా వచ్చి వెనక్కి పోవడం వింటూ ఉన్నాడు. మా అమ్మ అన్నం పెడితే రెండోపూట తిన్నాడు. ఆయన తింటుంటే మా అమ్మ అటు తిరిగి కూర్చుంది.

నాకు ఉద్యోగం వచ్చింది. వాన రాలేదు. శెనక్కాయ చేలు ఎండిపోయి, ఊరు ఆ చేలలోకి గొర్రెలను తోలింది. మా నాయన వల్లే అని ఎవరూ మా మొహాన అనలేదు. అనుకున్నారని మాత్రం మాకు తెలుసు, నీళ్ల ట్యాంకరు దగ్గర మా అమ్మ పోగానే మాటలు ఆగిపోయేవి.

మరుసటి ఏడు నెల పొడిచే ముందు దాదాపీర్ తాత కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. కొత్త దారం పేనుకొచ్చాడు. నాయన ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, చాలాసేపు ఆ దారాన్ని చేతిలో పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశాడు. హనుమంతరాయుడి కొడుకు శ్రీకాంత్ మెడలో వేశారు దాన్ని. చదువుకున్న పిల్లవాడు, భక్తి ఉన్నవాడే. వాళ్ల నాయన వాడి కాళ్లు కడిగాడో లేదో నేను చూడలేదు.

తొమ్మిదో మొహర్రం నాడు నేను డ్యూటీ చేశాను. పదో రోజు అందరికీ ఇచ్చే సెలవు, ఓపీ మూసేశారు, ఏ మతమని ఎవరూ అడగరు. ఇంట్లో ఊరికే కూర్చున్నాను. ఎండ కొంచెం దిగాక, పీర్లు జలధి స్నానానికి పోయే వేళకు, మా వీధి మొదట్లో బండి ఆగింది.

"ఒరే ఆదిగా!" హనుమంతరాయుడు అక్కడి నుంచే కేకేశాడు. "తప్పెట్లోళ్లు ఇద్దరు బెంగుళూరు నుంచి రాలేదురా. నువ్వొచ్చి కొట్టు, పొద్దు పోతాండాది."

మా నాయన జన్మలో పీర్ల పండుగకు తప్పెట కొట్టలేదు. నేను చివాలున లేచాను. నాలుగు మాటలు అనాలనే లేచాను, పర్మినెంటు నర్సును నేనిప్పుడు, నాకు ఎవరి భయం? నాయన నా భుజం మీద చెయ్యేసి ఆపి, అటక మీద చిన్నాన్న వదిలేసి పోయిన తప్పెటను దించాడు. దానిమీది దుమ్ము తువ్వాలతో తుడిచాడు.

"వద్దు నాయనా. పోవద్దు."

"నేనే చెప్పినా గదమ్మా," అన్నాడు, "అందరి ముందర, మేము ఏమోళ్లమో."

కోపంగా అనలేదు. నన్ను దెప్పడానికీ అనలేదు. చెప్పులు వేసుకుని బయలుదేరాడు. నేను వెనకే పోయాను.

గుండంలో తెల్లవారుజామున తొక్కిన నిప్పులు ఇంకా ఆరలేదు. నాయన దాని అంచున గొంతుకూర్చుని, చర్మం బిగిసేలా తప్పెటను వేడికి తిప్పుతూ కాచుకున్నాడు. మా నాయన ఏటేటా ఉత్తకాళ్లతో నడిచిన నిప్పులు అవి. చావిడి లోపల దాదాపీర్ తాత తల పక్కకు తిప్పుకున్నాడు. శ్రీకాంత్ కుళ్లాయప్పను ఎత్తుకుని గడప దాటాడు, జనం గోవిందా అని అరిచారు, నాయన లేచి తప్పెట మీద పుల్ల వేశాడు.

ఆ రోజు నాకు సెలవు. మా నాయన పనిలోకి పోయాడు.